రెండు కాళ్ళూ ఒక్కసారే

డిండి నుంచి పాలమూరుకు అరవై మైళ్ళ పైచిలుకు ఉంటుంది. నేరుగా పోయే బస్సు రోజుకు ఒక్కటే. అది తప్పితే కల్వకుర్తిలో ఒకసారి, జడ్చర్లలో ఒకసారి దిగి ఎక్కాలి. కాళ్ళూ చేతులూ సరిగా ఉన్న మనిషికి అది ఒక పూట ప్రయాణం. తొడ ఎముక విరిగి, అతికి, ఇంకా పచ్చిగా ఉన్న మనిషికి అది ఎంత దూరమో నేను ఆ సీతాఫలాల కాలంలో తెలుసుకున్నాను. ఆ దారిన పోవలసివచ్చే వాళ్ళకు పనికొస్తుందని వేళలతో సహా రాస్తున్నాను. మధ్యలో నా తెలివితక్కువతనం కూడా కొంత వస్తుంది. తెలుగు పంతుల్ని అయివుండి దాన్ని దాచుకోవడం బాగుండదు.

విరిగింది నా భార్య అండాలు కాలు. అటక మీద చింతపండు కుండ ఉంటే దించడానికి నిచ్చెన ఎక్కింది. నిచ్చెన ఒక పక్కకు ఒరిగింది. ఆ నిచ్చెన చేసింది ఆమె తమ్ముడు ఎల్లయ్య. మాది వడ్రంగుల ఇల్లు, వాళ్ళదీ అదే. నేనొక్కణ్ణి బాడిస వదిలి బడి పట్టాను. నిచ్చెనకు నిలువునా ఉండే రెండు కర్రల్ని మా దిక్కు కాళ్ళు అంటారు. అంతకు ముందు ఏడాది ఒక కాలికి చెదలు పడితే ఎల్లయ్య ఆ ఒక్క కాలు తీసి కొత్తది వేశాడు. రెండోది ఇంకా గట్టిగానే ఉందనుకున్నాడు. అండాలు బరువుకు విరిగింది ఆ రెండోదే.

పాలమూరులో అండాలు పినతల్లి ఉంది, వేళకు ఇంత వండి తెచ్చిపెడుతుందని అక్కడి దవాఖానకే తీసుకుపోయాం. తీసుకుపోయింది ఖాదర్ మియా కారులో. మా చుట్టుపక్కల కిరాయికి దొరికే కారు అదొక్కటే. అండాలు ఆ రోజు పడిన బాధ నేను రాయలేను. డిండి వాగు దిగుడులో కారు ముందు భాగం రెండుసార్లు నేలకు కొట్టుకుంటే ఆమెకు స్పృహ తప్పింది. తర్వాత మూడు నెలలు సిమెంటు కట్టుతో మంచం మీద ఉంది. ఆ మూడు నెలల్లో ఎల్లయ్య ఒక్కసారి కూడా అక్కను చూడడానికి పోలేదు. అడిగితే చేతిలో పనుందనేవాడు.

కట్టు విప్పారని, వచ్చి తీసుకుపోవచ్చని కార్డు వచ్చింది. బడికి మూడు రోజులు సెలవు పెట్టాను.

సోమవారం పొద్దున ఆరున్నరకు డిండిలో బయల్దేరాం. ఖాదర్ మియాకు యాభై దాటాయి. ఎండాకాలం కూడా ఖాకీ కోటు విప్పడు. కారు ఇంగ్లీషు దేశంలో పుట్టిన చిన్న కారు, ఆయన చేతికి వచ్చేసరికే నలుగురి చేతులు మారింది. దాని మైళ్ళ మీటరులో ఐదు అంకెలే ఉన్నాయి. తొమ్మిదులన్నీ అయిపోయి మళ్ళీ సున్నాలు వచ్చిన రోజు ఖాదర్ మియా బస్టాండులో అందరికీ మిఠాయి పంచాడు. “బండి మల్ల పుట్టింది సారూ” అన్నాడు నాతో. పుట్టిందేమో గానీ, దాని ఒళ్ళు మాత్రం పాతదే. చిన్న గుంత తగిలినా ముందు భాగం దబ్బున కుంగి, లేచి, మళ్ళీ కుంగి, చాలాసేపు ఊగేది.

వంగూరు దాటాక ఒకాయన సీతాఫలాల గంపతో చెయ్యెత్తాడు. ఎక్కించుకున్నాం. గంపను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులా కావలించుకుని కూర్చున్నాడు. రెండు మైళ్ళు పోయాక అన్నాడు, “గీ బండ్ల పండ్లు తీస్కపోతే అంగట్ల రసం అమ్ముకోవాలె.” ఖాదర్ మియాకు కోపం వచ్చింది. గంపాయన కల్వకుర్తిలో దిగుతూ రెండు పండ్లు నా చేతిలో పెట్టాడు. అవి అప్పటికే పగిలి ఉన్నాయి.

కల్వకుర్తిలో ఎనిమిదిన్నరకు చాయ తాగాం. మిడ్జిల్ మీదుగా జడ్చర్లకు పదిన్నర అయింది. ఆ దారంతా గుండ్ల గుట్టలు, ఆముదపు చేన్లు, వేరుసెనగ పీకుతున్న కూలీలు. పదకొండు దాటాక దవాఖాన ముందు ఆగాం.

అండాలు దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. చిక్కిపోయింది, కళ్ళు మాత్రం ఎప్పటిలాగే చురుగ్గా ఉన్నాయి. నన్ను చూడగానే వెనక ఎవరన్నా వస్తున్నారేమోనని చూసింది.

“తమ్ముడు రాలే?”

“పని ఒత్తిడి ఉన్నదట.”

“నిచ్చెన మీదికెల్లి నేను పడ్డనా, ఆడు పడ్డడా” అంది. తర్వాత అడిగింది, “ఏ బండి తెచ్చిండ్రు?”

చెప్పాను. ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది. “నేను గా కార్ల ఎక్క. గీడనే ఉంట. ఎముక మల్ల విరగగొట్టుకునుడు నాతోని కాదు.”

ఎముకల డాక్టరు కోస్తా ప్రాంతం ఆయన, నెమ్మదస్తుడు. నా మాట విని తనే బయటికి వచ్చి కారు చూశాడు. ముందు మడ్‌గార్డు మీద రెండు చేతులూ వేసి బలంగా కిందికి నొక్కి వదిలాడు. కారు లేచింది, కుంగింది, లేచింది, అలా ఐదారుసార్లు ఊగి ఆగింది.

“దీంట్లోనా మాస్టారూ, మీరు ఆవిణ్ణి తీసుకెళ్ళేది?” అన్నాడు. “నొక్కి వదిలితే ఒక్కసారి లేచి నిలబడాలండీ. ఎముక అతికింది గానీ ఇంకా లేత. మోకాలు వంగదు. కాలు చాపుకునే ఉండాలి, గట్టి కుదుపు ఒక్కటి కూడా తగలకూడదు. మళ్ళీ విడిందంటే జన్మంతా కర్ర పట్టుకుని నడవాలి. ఇది బాగుచేయించుకు రండి, నేను చూసి పంపిస్తాను. లేదా ఇంకో నెలన్నర ఇక్కడే ఉంచండి.”

ఇంకో నెలన్నర అనే మాట నేను అండాలుకు చెప్పలేదు. ఖాదర్ మియా మాత్రం ఆ మాట విన్నప్పటి నుంచి తలెత్తలేదు. “నా బండి వల్లనే చెల్లె అంత గోస పడ్డది సారూ. జర నాకు ఒక్క దినం ఇయ్యుండ్రి” అన్నాడు.

మానయ్య మిస్త్రీ షెడ్డు జడ్చర్ల రోడ్డు మీద, ఊరి బయట ఉండేది. ఆయన మొదట బండి చక్రాలకు ఇనుప పట్టాలు బిగించే కమ్మరి. కార్లు, లారీలు వచ్చాక వాటి కింద దూరాడు. ఒంటి గంటకు మేం పోయేసరికి జొన్న రొట్టె తింటున్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, కారు కింద పడుకుని చాలాసేపు ఒక్కొక్కటే తట్టి చూశాడు.

ఆ కారుకు ముందు చక్రాల దగ్గర చెరొక నిలువు గొట్టం ఉంటుంది. గొట్టం చుట్టూ లావుపాటి స్ప్రింగు, లోపల నూనె. గుంత తగిలితే స్ప్రింగు దెబ్బను మింగుతుంది, నూనె ఆ ఊపును ఆపుతుంది. కారు ముందు బరువంతా వాటి మీదే నిలబడుతుంది కాబట్టి మిస్త్రీలు వాటిని కాళ్ళు అంటారు. నాకు ఆ మాట నచ్చింది. నచ్చడం వల్లనే తర్వాత ముప్పు వచ్చింది.

“ఎడమ కాలు సచ్చింది” అన్నాడు మానయ్య బయటికి వచ్చి. “నూనెంత కారిపోయి లోపటి ఇనుప రాడు అరిగింది. కుడిది ఇంక జర పానంతోని ఉన్నది.”

“అయితే ఎడమది ఒక్కటే మార్చు ఉస్తాద్” అన్నాడు ఖాదర్ మియా.

“ఒక్కటే మారిస్తే బండి కుంటుతది మియా. కొత్త కాలు గట్టిగ నిలవడ్తది, పాతది కుంగుతది. బరువంత పాతదాని మీదికే పోతది. గుంతల పడ్డనాడు అదే ఇరుగుతది. మార్చితే రెండు కాళ్ళు ఒక్కసారే మార్చాలె.”

నాకు మా ఇంటి నిచ్చెన గుర్తొచ్చింది.

కొత్త కాళ్ళు హైదరాబాదులో కూడా దొరకడం కష్టమట. కానీ జడ్చర్ల పక్కనే ఉన్న బాదేపల్లిలో ఒక వేరుసెనగ మిల్లు వెనక ఇదే జాతి కారు పడివుందని మానయ్యకు తెలుసు. కొన్న ఏడాదికే లారీ వెనక నుంచి గుద్దింది. వెనక భాగం నుజ్జయింది గానీ ముందు కాళ్ళు పెద్దగా తిరగనివి. మరుసటి పొద్దున పోయి విప్పుకొద్దామన్నాడు. ఆ మాట చెబుతూనే మా కారును రాళ్ళ మీదికి ఎత్తాడు. నాలుగు గంటలకల్లా రెండు కాళ్ళూ విప్పి నేల మీద పడేశాడు.

బుధవారానికి గానీ కదలలేం. మంగళవారం వస్తామని ఇంటి దగ్గర చెప్పి వచ్చాను, ఎల్లయ్య ఎదురుచూస్తాడు. బస్టాండుకు పోయాను. నాలుగున్నరకు దేవరకొండ బస్సు, డిండి మీదుగానే పోతుంది. కండక్టరు నాకు తెలిసినవాడే. అతనికి చెప్పిన మాటలు నాకు అక్షరం తప్పకుండా గుర్తున్నాయి.

“ఎల్లయ్యకు చెప్పు. రేపు రాము. ఒక్క కాలే ఖరాబైందనుకున్నం. చూస్తే రెండోది గూడ పనికొచ్చేటట్టు లేదు. రెండు కాళ్ళు తీసేసిండ్రు. వేరేవి దొరికితే పెట్టిచ్చుకొని ఎల్లుండి వస్తం. ఫికర్ చెయ్యొద్దను.”

అతను టికెట్లు కొడుతూనే విని, ఒక్క మాట పొల్లు పోకుండా నాకు తిరిగి అప్పజెప్పాడు. నా బళ్ళో ఉంటే మంచి విద్యార్థి అయ్యేవాడనుకున్నాను.

మంగళవారం పొద్దున ఏడుంపావు ప్యాసింజరులో నేను, మానయ్య జడ్చర్ల పోయాం. ఖాదర్ మియా కారుకు కాపలా ఉన్నాడు. ఆ లైను మీటర్ గేజి, రైలు తాపీగా పోతుంది, ఎనిమిది కాకముందే దిగాం. బాదేపల్లి మిల్లులో చనిపోయిన కారు ముందు సీటు మీద ఒక కోడి గుడ్లు పొదుగుతోంది. దాన్ని కదపొద్దని మిల్లు గుమాస్తా కచ్చితంగా చెప్పాడు. మానయ్య కోడిని కదపకుండానే రెండు గంటల్లో రెండు కాళ్ళూ విప్పాడు. నొక్కుకుపోయి ఉన్న స్ప్రింగులను ఇనుప కొక్కేలతో బిగించి కట్టాడు. “గీ కట్టు ఇప్పకు సారూ. స్ప్రింగు ఎగిరిందంటే దౌడ పగుల్తది” అన్నాడు. రెంటినీ గోనెసంచిలో వేసుకుని తిరుగు రైలెక్కాం.

ఎదురుగా బట్టల మూటతో ఒక ముసలి వర్తకుడు కూర్చున్నాడు. సంచి తగిలి కాలు లాక్కున్నాడు.

“ఏముంది పంతులూ గా సంచిల, గంత బరువున్నది?”

“కాళ్ళు” అన్నాను.

ఆయన మూట తీసుకుని అవతలి కిటికీ దగ్గరికి జరిగాడు. మానయ్య పకపకా నవ్వి, కారువని చెప్పాడు. “జర ముందుగాల చెప్పొద్దా” అని ఆయన మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. నేనూ నవ్వాను. అప్పుడన్నా నాకు బుద్ధి వెలగవలసింది.

పదకొండున్నరకు పాలమూరులో దిగాం. మానయ్య ఇంటికి పోయి తిని వస్తానన్నాడు. నేను రిక్షాలో సంచి వేసుకుని ముందు దవాఖానకు పోయాను. అండాలుకు ఈ గట్టి కాళ్ళు చూపిస్తే కారెక్కడానికి ధైర్యం వస్తుందని నా ఆలోచన.

గేటు పక్కన నేల మీద ఎల్లయ్య కూర్చుని ఉన్నాడు. మూడు నెలలు రాని మనిషి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చొక్కా నిండా చెక్క పొట్టు. పక్కన గొంగడి కప్పిన పెద్ద పలక ఏదో ఉంది. నేను సంచి భుజం మీదికి ఎత్తుకుని దగ్గరికి పోయాను.

“ఎప్పుడొచ్చినవ్? లోపలికి పోలేదా?”

“కాళ్ళు ఆడ్తలేవు బావా.” నేల వైపే చూస్తూ అడిగాడు, “ఎక్కడికెల్లి తీసిండ్రు?”

నేను కారు గురించి అనుకున్నాను. ఇతనికి ఇంత శ్రద్ధ ఎందుకా అనుకుంటూనే చెప్పాను. “పైకెల్లే. మూడు బోల్టులు ఇప్పితే ఊడొచ్చినయి.”

అతను నా మొహం చూశాడు. “అక్క ఏడ్చిందా?”

“అక్కకింక చెప్పలే. ఇగో, వేరేవి తెచ్చిన. సంచిల ఉన్నయి. చూపిద్దమని పోతున్న.”

ఎల్లయ్య సంచి వైపు చూశాడు. సంచి అడుగున నల్లటి నూనె కారుతోంది. అతను రెండు చేతులతో తల పట్టుకుని ముందుకు వంగిపోయాడు. అప్పుడు, ఆ నూనె మరకను నేనూ చూశాక, నేను పంపిన కబురు మొదటి నుంచి చివరి దాకా నా చెవిలో మళ్ళీ వినిపించింది. అందులో కారు అన్న మాట లేదు.

పదిహేనేళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను, ఎవరు, ఎవరిది అన్నది తెలియకుండా వాక్యం రాయొద్దని. ఎన్ని పలకల మీద సున్నాలు పెట్టానో. ఆ రోజు సున్నా నాకు రావలసింది. సంచి కింద పడేసి, “కారువిరా, కారు కాళ్ళు. అక్క కాళ్ళు అక్కకే ఉన్నయి” అన్నాను. అతను నమ్మలేదు. సంచి మూతి విప్పి ఇనుము ముట్టించాను. చేతికి అంటిన నూనెను వేళ్ళతో రాసి రాసి చూసుకున్నాడు. ఆ తర్వాత ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నవ్వు కూడా వచ్చింది గానీ, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గొంగడి కింద ఏముందని అడిగాను. చెప్పడానికి ఇష్టపడలేదు. నేనే తీసి చూశాను. పొడుగాటి, వెడల్పాటి టేకు పీట. నాలుగు మూలలా నాలుగు చెక్క చక్రాలు. అవి సంతలో అమ్మడానికి చేసిపెట్టుకున్న పసిపిల్లల నడకబండ్ల చక్రాలు. కాళ్ళు లేని మనిషి కూర్చుని, చేతులతో నేలను తోసుకుంటూ పోవడానికి. జారకుండా చుట్టూ అంచు కట్టాడు. చేతికి గీరుకోకుండా ఆ అంచును నున్నగా గీశాడు. పొద్దుగూకాక కబురు అందితే తెల్లవారి బస్సు దాకా చేసిన పని అది.

లోపలికి పోయాం. ఎల్లయ్య పీటను తలుపు బయట ఉంచాలని చూశాడు గానీ అండాలు కళ్ళు చురుకైనవని ముందే చెప్పాను. “గిదేందిరా?” అంది. అతను దుప్పటి చివర కొంచెం ఎత్తి రెండు పాదాలూ చూసి మళ్ళీ కప్పాడు. చెప్పక తప్పక నేనే అంతా చెప్పాను. పక్క మంచాల వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. అండాలు నవ్వలేదు. పీటను మంచం మీదికి తెమ్మని, దాని అంచు పొడుగునా చెయ్యి పోనిచ్చింది.

“అంచు గూడ గీసినవు” అంది.

“నాకు ముందుగాల్నే రావాలని ఉండె అక్కా. ఏం మొఖం పెట్టుకొని రావాలె?”

“గీ మొఖమే. ఇంకోటి ఉన్నదా నీకు.” అని తమ్ముడి జుట్టులోని చెక్క పొట్టు తీస్తూ ఏడ్చింది. మూడు నెలలు కాలు నొప్పికి కూడా నా ముందు ఏడవని మనిషి. కాలు కన్నా పెద్ద నొప్పి ఆమెకు ఏదో నాకప్పుడు అర్థమైంది. అది నేను కారు మీద పెట్టిన ధ్యాసలో సగమన్నా పెట్టి కనుక్కోవలసిన సంగతి.

కొంతసేపటికి కళ్ళు తుడుచుకుని నాతో అంది, “ఇగో, ఎక్కుత. గని తొవ్వ పొడుగున వీడు నా కాలు పట్టుకొని కూసోవాలె.”

మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా మానయ్య షెడ్డులో ఉన్నాం. ఆయన పనితీరు చూడదగ్గది. కొత్త కాళ్ళను పైన మూడేసి బోల్టులతో, కింద చక్రం మొదట్లో బిగించాడు. కారును రాళ్ళ మీది నుంచి దించి, మమ్మల్ని ముగ్గురినీ, రోడ్డున పోతున్న ఇంకో ఇద్దరిని పిలిచి బోనెట్ మీద కూర్చోబెట్టాడు. మా బరువుకు స్ప్రింగులు కుంగి కొక్కేలు వదులయ్యాయి. అప్పుడు పక్కకు నిలబడి, పొడుగాటి కడ్డీతో ఒక్కొక్కటే తప్పించాడు. “ఇగ మెల్లగ దిగుండ్రి, ఒక్కొక్కలు” అన్నాడు. మేం దిగుతుంటే కారు మెల్లగా లేచి నిలబడింది. తర్వాత వెనక చక్రం నుంచి ముందు చక్రానికి దారం పట్టి వంకర చూశాడు.

ఎల్లయ్య పాత కాళ్ళ దగ్గర కూర్చుని కుడిదాన్ని చేత్తో తిప్పుతున్నాడు. “గిది ఇంక మంచిగనే ఉన్నది గద మిస్త్రీ, ఎందుకు తీసినవ్?” అని అడిగాడు. మానయ్య ముందురోజు ఖాదర్ మియాకు చెప్పిందే మళ్ళీ చెప్పాడు. ఎల్లయ్య తల దించుకుని విన్నాడు.

“ఒక్కటే మార్చినోడు పనోడు కాదంటవా?”

మానయ్యకు నిచ్చెన సంగతి తెలియదు. చేతులు తుడుచుకుంటూ ఆలోచించి అన్నాడు. “గట్ల ఎట్లంట? పాతది గట్టిగ కండ్లవడ్తది. పారేస్తే పానం ఒప్పదు. నేను గూడ మార్చిన ఒక్కటే. ఒకసారి కాదు.”

ఎల్లయ్య ఆ కాలును కింద పెట్టాడు. షెడ్డు నుంచి దవాఖానకు వచ్చేటప్పుడు కారులో, నిచ్చెన విరిగాక మొదటిసారి, నన్ను బడి సంగతులు అడిగాడు.

డాక్టరు వచ్చి మడ్‌గార్డు నొక్కి వదిలాడు. కారు ఒక్కసారి లేచి నిలబడింది. ఆయన రెండో పక్క కూడా నొక్కాడు. “తీసుకెళ్ళండి మాస్టారూ. ఇరవై మైళ్ళ స్పీడు దాటనివ్వకండి” అన్నాడు. ఖాదర్ మియా ఆయనకు సలాం చేసి, ఎవరూ చూడకుండా ఇంకో రెండుసార్లు నొక్కి చూసుకున్నాడు.

బుధవారం పొద్దున ఆరున్నరకు బయల్దేరే ముందు ఒక చిక్కు వచ్చింది. చాపిన కాలు ఆ చిన్న కారులో పట్టదు. ముందు ఎడమ సీటు విప్పి పైన కట్టాం. అయినా వెనక సీటుకూ ముందు జాగాకూ మధ్య కాలి కింద ఏదో గట్టి ఆసరా కావాలి. ఎల్లయ్య కాసేపు చూసి, తన పీట తెచ్చి తిరగేశాడు. జేబులోంచి పట్టుకారు తీసి నాలుగు చక్రాలూ ఊడబీకాడు. వెనక సీటు అంచు నుంచి ముందుకు పెడితే కొలిచి చేసినట్టు సరిపోయింది. పైన బొంత పరిచాం. అండాలు కాలు దాని మీద చాపింది. చుట్టూ కట్టిన అంచు కాలును పక్కలకు జారనివ్వలేదు. ఎల్లయ్య సీటు తీసిన జాగాలో నేల మీద, వెనక్కి తిరిగి కూర్చుని ఆమె పాదాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. నేను వెనక ఆమె పక్కన కూర్చున్నాను. నాలుగు చక్రాలూ నా ఒళ్ళో పెట్టారు.

జడ్చర్లలో ఏడుంపావుకు ఇడ్లీలు కట్టించుకున్నాం. ఆ దారిన పోయేవాళ్ళు అక్కడే తినడం మంచిది, మిడ్జిల్ దగ్గర చాయ తప్ప ఏమీ దొరకదు. కల్వకుర్తికి తొమ్మిదిన్నర అయింది. వంగూరు దాటాక నీళ్ళు కూడా దొరకవు కాబట్టి కూజా నింపుకోవాలి. వచ్చేటప్పుడు లెక్కపెట్టిన గుంతలే అన్నీ మళ్ళీ వచ్చాయి. కారు ప్రతి గుంతలో ఒక్కసారి కుంగి, ఒక్కసారి లేచి, ఊరుకునేది. మొదటి పది మైళ్ళు అండాలు నా ముంజేయి గట్టిగా పట్టుకుంది. మిడ్జిల్ దగ్గర పట్టు సడలింది. కల్వకుర్తి దాటాక చెయ్యి తీసేసి, అక్కడ కొన్న సీతాఫలం అడిగింది. ఆ గింజలు కిటికీ లోంచి ఊస్తూ, కబురు కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. ఈసారి నవ్వింది. ఖాదర్ మియా నవ్వలేక స్టీరింగు మీద వంగిపోతుంటే “రోడ్డు చూడు అన్నా” అని కోప్పడింది.

తర్వాత ఆమెకు కునుకు పట్టింది. డిండి వాగు దగ్గరికి వచ్చేసరికి పదకొండు దాటింది. ఖాదర్ మియా దిగుడు ముందు కారు ఆపి, దిగి, నడిచి పోయి రాళ్ళు చూసి వచ్చాడు. మెల్లగా బిస్మిల్లా అనుకుని గేరు వేశాడు. ఎల్లయ్య పీట అంచుకు తన భుజం ఆనించాడు. కారు ముందు కాళ్ళ మీద బరువంతా వేసి దిగింది, నీళ్ళలోంచి పోయింది, ఎక్కింది. బొంత మీద ఆమె కాలు కదలలేదు.

అరవై మైళ్ళు నేను ఎన్నోసార్లు తిరిగాను, ఆ తర్వాత కూడా తిరిగాను. రోడ్డు మంచిదా చెడ్డదా అని అడిగేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒక్కటే, అది కింద ఉన్న రాళ్ళను బట్టి కొంత, మనల్ని పట్టుకుని కూర్చున్న మనిషిని బట్టి కొంత ఉంటుంది.

గట్టు మీద గాలి తగిలి అండాలు కళ్ళు తెరిచింది. “వాగు ఎప్పుడొస్తది?” అంది.

“దాటినం అక్కా” అన్నాడు ఎల్లయ్య.

ఆమె మెడ తిప్పి వెనక అద్దంలోంచి వాగును చాలాసేపు చూసింది. చూసి, తమ్ముణ్ణి అడిగింది. “నిచ్చెన ఏం జేసినవ్?”

“పెరట్ల పడేసిన. పొయ్యిల పెడ్త.”

“పొయ్యిల ఎందుకు. మెట్లు మంచిగనే ఉన్నయి. రెండు కాళ్ళు కొత్తయి వెయ్యి. ఒక్కసారే.”

ఎల్లయ్య సరేనన్నట్టు తల ఊపాడు. కారు ఇంటి ముందు ఆగి, ఖాదర్ మియా తలుపు తీసి, నేను దిగాక కూడా, అతను ఆ పాదాన్ని వదలలేదు.